నేను చదవని పుస్తకం కింద నా అక్షరాలు

ఉద్యోగంలో తీపి జ్ఞాపకం ఒకటి రాసిమ్మని మా గ్రంథపాలకుల సంఘం పిల్లలు అడిగారు. పిల్లలంటే ఇప్పుడిప్పుడే లైబ్రరీల్లో కొలువు దొరికినవాళ్లు. తీపిది నా దగ్గర లేదని చెప్పాను. చేదుది ఒకటుంది, పనికొస్తే వేసుకోండి, లేదంటే చింపి పారెయ్యండి అన్నాను. "ఏదైనా సరే మేడం, రాయండి" అన్నారు. అడిగారు కాబట్టి ఇక మీరే అనుభవించండి.

మిర్యాలగూడలో చేరాను, కోదాడలో పని నేర్చుకున్నాను, సూర్యాపేటలో రిటైరయ్యాను. ఆ మూడూళ్ల మధ్య తిరిగిన ఎర్రబస్సుల్లోనే నా సగం జీవితం గడిచిపోయింది. మిర్యాలగూడలో నాకు తెలిసిందల్లా దుమ్ము దులపడం. పొద్దున తుడిచిన బీరువా మీద మధ్యాహ్నానికి రైసు మిల్లుల ఊక దుమ్ము పేరుకునేది. పుస్తకాన్ని ఎట్లా చూడాలో, ఎట్లా చదవాలో నేర్పింది మాత్రం కోదాడలో మా పెద్ద లైబ్రేరియన్.

ఆయన కృష్ణా నది అవతలి నుంచి వచ్చి కోదాడలో స్థిరపడిన మనిషి. సన్నగా, ఎప్పుడూ ఏదో పోయినట్టు ముఖం పెట్టుకుని ఉండేవారు. ఏ విషయం మీద పుస్తకాల జాబితా తయారు చేసినా, ఒక్కో పుస్తకం కింద నాలుగు మాటలు రాయాలనేది ఆయన నియమం. అందులో ఏముంది, ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తప్పింది. రాశాక చివర్న, చదివిన మనిషి ఇంటిపేరులోనిదీ పేరులోనిదీ రెండు మొదటి అక్షరాలు వేయాలి.

"చూడమ్మాయ్, పుస్తకం నీ చేతిలోకి రాకుండా, ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదవకుండా ఆ రెండక్షరాలు వేశావనుకో, ఇక నా గదిలోకి రావద్దు" అనేవారు. ఉత్తినే అనడం కాదు. ముందుమాట మాత్రమే చదివి అక్షరాలు వేసిన ఒకాయనను అందరి ముందు నిలబెట్టి, ఏడో అధ్యాయంలో ఏముందో చెప్పమన్నారు. పాపం, ఆ మనిషి ఆ తర్వాత బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయాడు.

అప్పట్లో ఇదంతా చాదస్తం అనిపించేది. తర్వాత అర్థమైంది. అనంతగిరి నుంచో మఠంపల్లి నుంచో వచ్చే పిల్లకు రెండు బస్సుల మధ్య ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలో పది పుస్తకాలు తిరగేసి, ఏది తనకు పనికొస్తుందో తేల్చుకోలేదు. కింద రాసిన నాలుగు మాటలు చదువుతుంది, అక్షరాలు చూస్తుంది, సరే ఎవరో మనిషి చదివే చెప్పారులే అనుకుని ఆ ఒక్క పుస్తకం తీసుకుని బస్సెక్కుతుంది. మన ఉద్యోగం మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. ఈ సంగతి మీకు ఏ కోర్సులోనూ చెప్పరు, అందుకే చెబుతున్నాను.

ఇక అసలు విషయం. నేను రిటైరవడానికి ఇంకొన్ని నెలలున్నాయనగా సూర్యాపేటలో మా ప్రిన్సిపాల్ పిలిచాడు. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది. కమిటీ అనేసరికి ఆయనకు ఆకలి చచ్చిపోయేది.

"మేడం, జర కూసోండ్రి. మన సుట్టుపక్కల కాలేజీలన్నీ ఔషధ మొక్కల తోటలు పెట్టి చూపిస్తున్నయి. మనం గూడ తోటే చూపిస్తే మనకేం మిగుల్తది? వేరేది గావాలె."

"ఏం చూపిద్దాం సార్?"

"గ్లోబల్ ది ఏదన్న. భూమి వేడెక్కుడు, నీళ్లు అయిపోవుడు, అడవులు పోవుడు, గవన్నీ కలిపి ఏమంటరు, సస్టెయినబిలిటీ క్రైసిస్. మీరు ఎప్పుడు చెప్తుంటరు కద, పుస్తకాల కింద నాలుగు మాటలు రాసుడు. గది దీని మీద తయారు చెయ్యుండ్రి. అచ్చేద్దాం. మంచిగ, మందంగ."

నిజం చెప్పాలంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నేళ్ల సర్వీసులో ఒక ప్రిన్సిపాల్ నా పని నన్నడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా నన్ను అడిగిందల్లా వార్తాపత్రికల బిల్లులు, తాళంచేతులు. 'ప్రపంచ సుస్థిరతా సంక్షోభం: వ్యాఖ్యానాలతో గ్రంథసూచి' అని తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని ఇంటికెళ్లాను.

ఆ ఎండాకాలమంతా అదే పని. శనివారం వచ్చిందంటే హైదరాబాద్ బస్సు. అక్కడ పెద్ద లైబ్రరీల్లో కూర్చుని చదవడం, సాయంత్రం బస్సులో తిరిగొస్తూ ఏం రాయాలో తలలో కూర్చుకోవడం. కొన్ని పుస్తకాలు బాగున్నాయి, కొన్ని గొప్పగా ఉన్నాయి. చాలావాటిలో ఒక జబ్బు కనిపించింది. 'మానవాళి' అనే మాట తప్ప మనిషి కనపడడు. ఆ మాట వచ్చినచోటల్లా నా నోట్సులో పెన్సిలుతో ఒక గీత పెట్టుకునేదాన్ని. ఒక లావుపాటి పుస్తకానికైతే చివరికి నా దగ్గర గీతలే మిగిలాయి. ఆ సంగతి కూడా రాశాను. ఎక్కడ తప్పిందో రాయాలి కదా మరి.

మా కాలేజీలో పర్యావరణం పేపరు చెప్పడానికి ఒక గెస్ట్ లెక్చరర్ ఉండేది. అమ్మాయి అనే అంటాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. చివ్వెంల దగ్గర ఊరు. రోజూ స్కూటీ మీద వచ్చేది. ఆ పేపరు ఎట్లాగూ అందరూ పాసయ్యేదే కాబట్టి ఆ క్లాసుకు విలువ లేదు, ఆ క్లాసు చెప్పే మనిషికీ విలువ లేదు. స్టాఫ్ రూములో కుర్చీ కూడా లేకపోతే మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చి నా బల్ల పక్కన టిఫిన్ విప్పుకునేది.

నేను చేస్తున్న పని చాలా రోజులు చూసింది. ఒక మధ్యాహ్నం స్పైరల్ బైండింగ్ చేసిన కట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"మేడం, ఏమనుకోవద్దు. ఇది నేను రాసిన. మీరు చదివే పుస్తకాలల్ల ఇది పడదని నాకు ఎర్కే. జర చూడుండ్రి, అంతే."

"ఏం రాసినవ్?"

"మా దిక్కు బోర్ల గురించి. ఎండిపోయినయి ఎట్ల ఎండిపోయినయో."

ఆదివారాలు స్కూటీ వేసుకుని ఊరూరూ తిరిగి, బోరు వేయించిన ప్రతి ఇంటికీ వెళ్లి అడిగి రాసింది. అచ్చ తెలుగు. డీటీపీ షాపులో కొట్టించింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలంలో నడుస్తూ నీళ్లు చూసే మనుషులున్నారు అందులో. బోరు బండి వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోవడం, పైకి లేచే దుమ్ము ఎప్పుడు తడి బురద అవుతుందా అని చూడడం, తెల్ల దుమ్మే లేస్తుంటే ముసలమ్మ లేచి మాట్లాడకుండా ఇంటికెళ్లిపోవడం ఉన్నాయి. అన్న బోరులో నీళ్లు పడగానే తమ్ముడి బోరు ఆగిపోయిన ఇల్లుంది. ఆ అన్నదమ్ములు ఇప్పటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోరట. చేత్తో గీసిన పటాలున్నాయి, ఏ బోరు ముందు, ఏది తర్వాత, నీళ్లు ఎటునుంచి ఎటు తగ్గుతూ పోయాయో.

చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను. హైదరాబాదులో నేను చదివిన మానవాళి అంతా ఒక ఎత్తు, ఈ అన్నదమ్ములిద్దరూ ఒక ఎత్తు. అలాగని మెచ్చుకోలు మాత్రమే రాయలేదు. బోరు ఎక్కడ వేశారని మగవాళ్లనే అడిగింది. నీళ్లు మోసేది ఆడవాళ్లు, వాళ్లను విడిగా అడగలేదు. అది లోపమే. అదీ రాసి, కింద నా రెండక్షరాలు వేసి, రాసిన కాగితం ఆమెకు చూపించాను.

చదువుతూ చదువుతూ నవ్వింది. "తప్పు గూడ రాసినరు మేడం!"

"మరి? తప్పు కనబడకుండ ఉంటదా?"

"అట్ల గాదు. తప్పు దొరికిందంటే మొత్తం చదివినట్టే కద. ఇంతవరకు ఎవ్వరు చదవలే దీన్ని. మా ఇంట్ల గూడ అట్ట చూసి పక్కన పెట్టిండ్రు." కింద అక్షరాల మీద వేలు పెట్టింది. "గివేంది?"

కోదాడ పెద్దాయన సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అంటే గీ రెండు అక్షరాలుంటే మనిషి చదివినట్టే అన్నట్టు" అంది. అవునన్నాను.

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పింది. వచ్చే ఏడాదికి సైన్సులో గెస్టు పోస్టులు రెండింటిని ఒకటి చేస్తున్నారు. కమిటీ ముందు ఎవరి పని కనబడితే వాళ్లను ఉంచుతానని ప్రిన్సిపాల్ అన్నాడట. కాలేజీ అచ్చు వేసే పుస్తకంలో ఆమె రచన ఎక్కితే అది రీసెర్చ్ కింద లెక్క. "గిది గిట్ల పడ్డదంటే నా కొలువు నిలబడ్డట్టే మేడం. లేకుంటే మళ్ల ప్రైవేటు బళ్లకు తిరుగుడే. ఆడ పొద్దున పోతే దీపాలు పెట్టే యాళ్లకు గానీ ఇంటికి రానియ్యరు. పిల్లలు చిన్నగున్నరు." అడుక్కున్నట్టు చెప్పలేదు. అలా చెప్పి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

నేను పని ముగించి ఇచ్చాను. ప్రిన్సిపాల్ కాగితాలు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. నిజంగానే, కూరగాయలు తూచినట్టు.

"ఇంతేనా మేడం? ఎండకాలం మొత్తం జేసి గింతేనా?"

"చదివినవే రాసిన సార్."

"అదికాదు మేడం, అచ్చేస్తే కరపత్రం లెక్క ఉంటది. సరే, చూద్దాం తీయండ్రి."

ఆయన చూడమని ఇచ్చింది మా కంప్యూటర్ లెక్చరర్‌కి. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఎవరు ఏ పని చెప్పినా కాదనని మనిషి, ఎప్పుడూ పరుగే. "మేడం, మీరు ఇంత కష్టపడుడు ఎందుకు? ఏఐని అడిగితే టీ తాగేలోపట ఇస్తది" అని నాతో ఒకసారి అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నా పని అయిపోయింది, అచ్చుతప్పులు దిద్దడానికి నన్ను పిలుస్తారు అనుకుని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.

కమిటీ రావడానికి ముందు వారం, హైదరాబాద్ నుంచి అట్టపెట్టెలు దిగాయి. నున్నటి కాగితం, అట్ట మీద పచ్చటి భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. చేతికి తీసుకోగానే బరువుకు భయమేసింది. నేను రాసింది ఇంత లావు లేదే!

తెరిచాను. నావి అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. మధ్యలో నేను చూడని, వినని పుస్తకాలు. ఒక్కోదాని కింద నాలుగేసి మాటలు, చక్కటి భాష, నాకంటే అందంగా ఉంది. చివర్న నా రెండక్షరాలు. ప్రతిదాని కిందా. ఓర్నాయనో అనుకుని కుర్చీలో కూలబడ్డాను.

ఒక్కొక్కటీ వెతికాను. పెద్ద లైబ్రరీల జాబితాలన్నీ చూశాను, హైదరాబాదులో తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాను. కొన్నింటికి రాసిన మనిషి ఉన్నాడు, ఆ పుస్తకం లేదు. కొన్నింటికి మనిషీ లేడు. ప్రచురణ సంస్థ ఉంది, ఊరుంది, పేజీల సంఖ్య ఉంది, పుస్తకం ఒక్కటే లేదు.

కంప్యూటర్ కుర్రాణ్ని లైబ్రరీకి పిలిపించాను.

"ఏంది నాయనా ఇవన్నీ?"

"సార్ పెంచమన్నడు మేడం. మీరు రాసినవి ఏఐకి ఇచ్చి గిదే తీరుగ ఇంకిన్ని రాయమన్న, రాసింది."

"లేని పుస్తకాలు రాసింది."

"లేకపోవుడేంది మేడం, ఏడనో ఉంటయి. అమెరికాలనో, లండన్లనో. అంత మంచిగ వివరం ఇచ్చినంక లేకుండ ఎట్లుంటయి?"

"సరే. వాటి కింద నా అక్షరాలు ఎందుకు పెట్టినవ్?"

అమాయకంగా చూశాడు. "మీవాటి కింద ఉన్నయి కద మేడం. కొన్నిటికి ఉండి కొన్నిటికి లేకుంటే మంచిగుండదు. డిజైన్ అన్ని పేజీలకు ఒక్క తీరుగ ఉండాలె అని నేనే కూసోని అన్నిటికి పెట్టిన."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏమని తిట్టను? పాపం వాడు నిద్ర మానుకుని మరీ పెట్టాడు. పుస్తకం అందంగా ఉండాలనే పెట్టాడు.

అప్పుడు చివ్వెంల అమ్మాయి రచన కోసం వెతికాను. లేదు. తీసేశారు. తీసేసి ఊరుకున్నా బాగుండేది. దాని స్థానంలో దక్కన్ మెట్ట పొలాల్లో బోర్ల గురించి ఎవరో విదేశీ పండితుడు రాశాడంటూ ఒక పుస్తకం కూర్చుంది. దాని కింద నా వాక్యం. నేను ఆమె కోసం రాసిన వాక్యం, అక్షరం పొల్లు పోకుండా: 'నీళ్లు మోసే ఆడవాళ్లను విడిగా అడగకపోవడం ఇందులోని లోపం.' ఆ యంత్రం నా మాట తీసుకుని, లేని మనిషి రాయని పుస్తకంలో తప్పు పట్టింది. దాని కిందా నా అక్షరాలే.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. పుస్తకం ఆపమన్నాను. ఆయన నన్ను ఒక జబ్బు మనిషిని చూసినట్టు చూశాడు.

"మేడం, అచ్చయినంక ఆపుడేంది? కమిటీ ఎల్లుండి దిగుతది."

"పోనీ ఆ అమ్మాయిది ఎందుకు తీసిండ్రు సార్?"

"మీరే చెప్పుండ్రి. పైన ఏం రాసినం? గ్లోబల్ అని రాసినం. లోపల చివ్వెంల ఉంటే వాళ్లు నవ్వరా?"

"చివ్వెంల భూగోళం మీద లేదా సార్?"

"మేడం, మీతోని వాదం పెట్టుకునే టైం నాకు లేదు" అని ఫోను ఎత్తాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాసి, పుస్తకం వెనక్కి తీసుకోవాలని కోరుతూ ఒక ఉత్తరం ఇచ్చి వచ్చాను. క్లర్కు దాని మీద 'చూడబడినది' అని రాసి ఫైల్లో కుట్టేశాడు.

కమిటీ దిగే రోజు వచ్చింది. పొద్దున్నే కాలేజీ గేటు ముందు నీళ్ల ట్యాంకరు. మా కాలేజీ బోరు ఆ ఎండాకాలమే ఎండిపోయింది. కమిటీ వాళ్లు చేతులు కడుక్కునే చోట నీళ్లు రావాలని సంపు నింపించారు. నర్సరీ నుంచి పూలకుండీలు కిరాయికి తెచ్చి వరండా పొడవునా పెట్టారు. భూమిని కాపాడుకుందాం అని పెద్ద ప్లాస్టిక్ ఫ్లెక్సీ. చివ్వెంల అమ్మాయికి పిల్లలందరినీ ఇచ్చి, నీటి పొదుపు ర్యాలీ అని కొత్త బస్టాండు దాకా పంపించారు. గెస్టు వాళ్లు ఎక్కువమంది కమిటీ కంట్లో పడకూడదని ఆ ఏర్పాటు. ఆమె పోతూ పోతూ లైబ్రరీ కిటికీలోంచి నాకు చెయ్యూపింది. పుస్తకం ఇంకా ఆమె చూడలేదు.

కమిటీ పెద్ద తెలుగాయనే. ఎప్పుడో ఢిల్లీ వెళ్లి అక్కడే ఉండిపోయాడట. లైబ్రరీలో కూర్చున్నాడు, టీ తెచ్చిపెట్టారు, పుస్తకం చేతికిచ్చారు. బరువు చూసి కనుబొమలెత్తాడు. ప్రిన్సిపాల్ ముఖం వెలిగిపోయింది. ఆయన ఇంగ్లీషులో ఉన్న పుస్తకాల పేర్లు మాత్రం చూసుకుంటూ అక్కడక్కడా తిప్పి, ఒకచోట ఆగాడు. ఎక్కడ ఆగాడో నాకు తెలిసిపోయింది.

"ఎక్సలెంట్! దక్కన్ బోర్ల మీద ఇంత మంచి పుస్తకం ఈ ఊళ్లో ఉందా? మేడం, ఒకసారి చూపిస్తారా?"

ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. నేను బీరువాల వైపు నడిచాను. కంప్యూటర్ కుర్రాడు వెనకే వచ్చి గుసగుసగా, "మేడం, ఎవరో తీసుకపోయిండ్రని చెప్పుండ్రి. మీకు దండం పెడత" అన్నాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్లి, ఆ అమ్మాయి స్పైరల్ కట్ట తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

"సార్, మీరడిగిన పుస్తకాన్ని ఎవరూ రాయలేదు. అందులో సగానికి పైగా పుస్తకాలు అట్లాంటివే. కింద ఉన్నవి నా అక్షరాలే గానీ నేను వేసినవి కావు. బోర్ల మీద నిజంగా రాసింది ఇది. ఇక్కడి అమ్మాయే రాసింది. నేను చదివాను."

నేను ఏదో పిడుగు పడుతుందనుకున్నాను. నాకు తెలిసిన లైబ్రరీలో అయితే పడాలి. పిడుగూ లేదు, పాడూ లేదు. ప్రిన్సిపాల్ నవ్వాడు. "మేడం గారు ఇంకొన్ని రోజులల్ల రిటైర్ అయితున్నరు సార్. జర పరేషాన్ల ఉన్నరు. ఆ పుస్తకం స్టాఫ్ దగ్గరున్నది, రేపు తెప్పిస్త." పెద్దాయన కూడా నవ్వాడు. "అర్థమవుతుంది. మా తరానికి ఈ కొత్త పద్ధతులు అలవాటు కావడం కష్టమేనమ్మా." కట్ట రెండు పేజీలు తిప్పాడు. "తెలుగులో ఉందే! నేను తెలుగు చదివి చాలా కాలమైంది. దీనికి ఐ.ఎస్.బి.ఎన్ నంబరు ఉందా?"

"లేదు సార్."

"అదీ సంగతి" అన్నాడు. బల్ల మీద గ్రంథసూచికి మరక అంటుతుందని, టీ కప్పు ఎత్తి ఆ అమ్మాయి కట్ట మీద పెట్టాడు. కావాలని కాదు. చెయ్యి అటు పోయింది, అంతే. కావాలని పెట్టి ఉంటే కనీసం తిట్టి ఉండేదాన్ని.

గ్రేడు బాగా వచ్చింది. కమిటీ నివేదికలో మా గ్రంథసూచిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. దక్కన్ బోర్ల పుస్తకం వంటి అరుదైన గ్రంథాలు ఉన్నాయని కూడా రాశారు. స్వీట్లు పంచారు. నేను తినలేదు, అంతకంటే ఏం చేయగలను?

ఆ అమ్మాయి మర్నాడు వచ్చి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పింది. "నాది లేదు కద మేడం" అంది. "తీసేసిండ్రు బిడ్డా" అన్నాను. టీ మరక పడ్డ కట్ట నా సొరుగులో ఉంది. అది చూపించడానికి నాకు మనసొప్పలేదు. ఇంకేదైనా చెప్పేలోపే ఆమెకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. వచ్చే ఏడాదికి ఆమె అవసరం లేదని చెప్పి పంపించారు. గుర్తుగా ఉంటుందని గ్రంథసూచి ఒకటి చేతిలో పెట్టారట. ఆ తర్వాత ఆమె ఫోను నంబరు మారింది. నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"మేడం, మంచిగున్నరా? నేను, చివ్వెంల బోర్ల అమ్మాయిని."

సంతోషం పట్టలేక గట్టిగా అరిచాను. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో చేస్తోందట. "లైబ్రరీ నేనే, ఆఫీసు నేనే, పరీక్షల డ్యూటీ గూడ నేనే మేడం" అని నవ్వింది. వాళ్లకూ కమిటీ వస్తోంది. వాళ్ల ప్రిన్సిపాల్ కూడా గ్రంథసూచి తయారు చేయమన్నాడు.

"మనది నా దగ్గరున్నది కద, అందుల నుంచి కొన్ని తీసుకున్న. ఊకనే ఎత్తుకోలే మేడం, మీ అక్షరాలున్నయే తీసుకున్న. మీరు చదివినయి అయితే నాకు ధైర్యం. అచ్చుకు గూడ పోయింది. ఒక్కటే పరేషాన్ అయితుంది. బోర్ల మీద ఆ ఫారినాయన పుస్తకం, నేను జేసిన పనికి దగ్గరగ ఉందని ముందుగాల అదే పెట్టిన. మా సార్ దాన్ని కొని తెప్పియ్యమంటుండు, కమిటీకి చూపియ్యనీకి. చూపియ్యకపోతే ఊరుకునేటట్టు లేడు. ఏడ వెతికినా దొరుకుత లేదు. మీరు ఏడ చదివినరు మేడం?"

ఎవరి పనిని తీసేసి ఆ దయ్యాన్ని అక్కడ కూర్చోబెట్టారో, ఆ మనిషే దాన్ని నా పేరు చూసి నమ్మి, తన చేతులతో ఇంకో పుస్తకంలోకి ఎక్కించింది.

"అది లేదు బిడ్డా. ఎవ్వరు రాయలే దాన్ని."

అటువైపు ఎక్కడో బస్సు హారను వినపడింది.

"మరి మీ అక్షరాలు?"

"నేను వెయ్యలే. ఆ కంప్యూటర్ పిలగాడు అన్నిటికి వేసిండు."

"అన్నిటికా?"

"అన్నిటికి." మీ సార్ తో నేను మాట్లాడతాను, రాసిస్తాను, ఎవరి తప్పో చెబుతాను అని ఏవేవో అన్నాను. ఆమె వింటున్నట్టు లేదు.

"మేడం, ఒక్కటి అడుగుత. ఏమనుకోవద్దు. నాది చదివినరా?"

"అదేం మాట బిడ్డా! మొత్తం చదివిన. రెండు మార్లు చదివిన. తప్పు గూడ చెప్పిన కద, ఆడోళ్లను విడిగ అడగలేదని."

"ఆ లేని పుస్తకం కింద గూడ గదే రాసి ఉంది కద మేడం."

అన్నదమ్ముల సంగతి చెప్పాను. తెల్ల దుమ్ము చూసి లేచిపోయిన ముసలమ్మ సంగతి చెప్పాను. గబగబా, ఊపిరి తిప్పుకోకుండా, పరీక్షలో జవాబు అప్పజెప్పే పిల్లలా చెప్పాను. ఆమె అంతా విని, "సరే మేడం" అని ఫోను పెట్టేసింది.

ఆ 'సరే' నాకు బాగా తెలుసు. పుస్తకం రేపు తప్పకుండా తెచ్చిస్తా మేడం అని రోజూ చెప్పే పిల్లలకు నా బల్ల వెనక నుంచి నేనూ అట్లాగే అనేదాన్ని.